75 శాతం షరతు విద్యార్థికి సరే.. మరి సర్కారుకు గడువేదీ?

ప్రతి ఏటా స్కాలర్‌షిప్ రెన్యువల్ టైమ్ రాగానే మీసేవ సెంటర్ల దగ్గర ఒకటే హడావిడి. ఆదాయ సర్టిఫికెట్, బోనఫైడ్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పోయిన ఏడాది మార్కుల మెమో.. ఈ కాగితాలు సరిపోయాయా లేదా అన్నదే తల్లిదండ్రుల టెన్షన్. కాగితాల కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఒకసారి స్కాలర్‌షిప్ మంజూరైతే కోర్సు అయ్యేదాకా దానంతట అదే వస్తుందని చాలా ఇళ్లల్లో అనుకుంటారు. అలా రాదు. ఏటా హాజరు చూపించాలి, పై తరగతికి ప్రమోట్ కావాలి, కొన్ని పథకాల్లో మార్కుల శాతం కూడా ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆ ఏడాది సాయం ఆగిపోతుంది.

చదివే వాళ్లకే సాయం అనడంలో తప్పేమీ లేదు. అది ప్రజల సొమ్ము. అయితే ఈ షరతుల్లో గడువు, లెక్క, శిక్ష అన్నీ విద్యార్థి వైపే ఉన్నాయి. సర్కారు ఇవ్వాల్సిన ఫీజు ఏళ్ల తరబడి ఆలస్యమైతే అడిగే రూల్ లేదు. విద్యార్థి ఒక సెమిస్టర్ తడబడితే వినే అధికారి కూడా లేడు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

రూల్స్ ఏమంటున్నాయి?

తెలంగాణలో కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ ఫీజు రెండూ ఈపాస్ పోర్టల్ ద్వారానే నడుస్తాయి. మైనారిటీ విద్యార్థులకు కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. కాలేజీ హాజరు 75 శాతం ఉండాలి. రెన్యువల్ అనేది పై తరగతికి వెళ్లిన వాళ్లకే. హాజరు తక్కువై అదే సెమిస్టర్ మళ్లీ చదవాల్సి వస్తే ఆ ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

ఇంజినీరింగ్‌లో దీనికి తోడు క్రెడిట్ల లెక్క ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్ ప్రకారం మొదటి ఏడాదిలో ఉన్న 40 క్రెడిట్లలో కనీసం 20 వస్తేనే రెండో ఏడాదిలోకి పంపిస్తారు. మూడో ఏడాదికి వెళ్లాలంటే 80లో 48, నాలుగో ఏడాదికి 120లో 72 తెచ్చుకోవాలి. అంటే మొదట సగం, ఆ తర్వాత 60 శాతం. 19 దగ్గర ఆగిన వాడికి, 5 దగ్గర ఆగిన వాడికి తేడా లేదు. ఇద్దరూ డిటెయిన్ అయినట్టే.

కేంద్రం ఇస్తూ వచ్చిన మైనారిటీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కొలత మార్కులే. అంతకు ముందు జరిగిన ఫైనల్ పరీక్షలో 50 శాతం రావాల్సి ఉండేది. రెన్యువల్‌కూ అదే షరతు. 49 వచ్చినా లేనట్టే.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు, పైసలు వేసే దారి మారుతూ వచ్చాయి. జగనన్న విద్యా దీవెన పేరుతో ఫీజును తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీల ఖాతాలకే వేయాలని నిర్ణయించారు. దారి ఎన్నిసార్లు మారినా విద్యార్థి హాజరు షరతు మాత్రం 75 దగ్గరే ఉంది.

ఒక ఇంటి లెక్క

ఈ రూల్స్ ఇంట్లో ఎలా పనిచేస్తాయో ఒక లెక్క వేసి చూద్దాం. పాతబస్తీలో ఆటో నడిపే తండ్రి, ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే కొడుకు అనుకుందాం. సర్కారు నుంచి ఫీజు రాలేదని, ముందు మీరు కట్టండి, వచ్చాక వాపస్ ఇస్తామని కాలేజీ అంటుంది. ఇంట్లో పైసలు లేవు. కుర్రాడు రాత్రి పదకొండు, పన్నెండు దాకా ఫుడ్ డెలివరీ చేస్తాడు. పొద్దున ఎనిమిదిన్నరకు కాలేజీ బస్సు అందదు.

సెమిస్టర్‌లో 90 పనిదినాలు ఉంటే 75 శాతానికి 68 రోజులు హాజరు కావాలి. అంటే 22 రోజులకు మించి పోకూడదు. వారానికి ఒక్క రోజు పోతే 16 వారాలకు 16 రోజులు. మధ్యలో డెంగీ వచ్చి పది రోజులు దవాఖానలో పడితే మొత్తం 26. మిగిలిన హాజరు 64 రోజులు, శాతం చూస్తే 71. నాలుగు రోజుల తేడాతో లైన్ దాటిపోయాడు.

65 నుంచి 75 శాతం మధ్య ఉన్న వాళ్లకు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కొంత ఫీజు కడితే యూనివర్సిటీ మినహాయింపు ఇస్తుంది. చాలా మంది అక్కడితో గండం గట్టెక్కిందని అనుకుంటారు. కానీ ఆ మినహాయింపు పరీక్ష రాయడానికి. ఫీజు పథకం రూల్‌లో రాసి ఉన్నది 75 శాతమే.

ఇప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే, ఆ కుర్రాడు క్లాసులు ఎందుకు పోగొట్టుకున్నాడు? రాత్రి పని చేశాడు కాబట్టి. రాత్రి పని ఎందుకు చేశాడు? ఫీజు రాలేదు కాబట్టి. సర్కారు ఆలస్యానికి మూల్యం విద్యార్థి హాజరు పట్టీలో కనిపిస్తోంది. ఆ పట్టీనే చూపించి అతని సాయం ఆపుతున్నారు.

బకాయిల సంగతి దాచేదేమీ కాదు. ఫీజు బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీలు బంద్‌కు దిగాయి. సర్కారుతో చర్చలు జరిగాక విరమించాయి. యాజమాన్యాలకు సంఘం ఉంది, బంద్ చేసే బలం ఉంది. డిటెయిన్ అయిన విద్యార్థికి అలాంటిది ఏదీ లేదు. కోర్సు అయిపోయాక కూడా బకాయి కట్టమని సర్టిఫికెట్లు ఆపుతున్నారన్న ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

అమెరికా వెళ్లినా ఇదే కథ

తెలంగాణ సర్కారు 2015లో మైనారిటీల కోసం ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. తర్వాత సాయాన్ని 20 లక్షలకు పెంచారు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు రావాలి. సొమ్ము రెండు విడతల్లో వస్తుంది. అక్కడికి చేరినట్టు కాగితం చూపిస్తే మొదటి విడత, మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపిస్తే రెండో విడత.

కాగితం మీద చక్కగానే ఉంది. చదివినట్టు చూపించాకే రెండో పది లక్షలు. అయితే మొదటి విడతే ఆలస్యమైతే? ఆ సెమిస్టర్ ఫీజు అప్పు తెచ్చి కట్టాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్న వాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల దాకా మాత్రమే పని చేయొచ్చు. పూర్తి స్థాయి కోర్సు లోడ్ కూడా తగ్గకూడదు. ఎంఎస్‌లో చాలా యూనివర్సిటీలు 3.0 జీపీఏ అడుగుతాయి. అప్పుల ఒత్తిడితో ఆ జీపీఏ పడిపోతే ప్రమాదం స్కాలర్‌షిప్‌తో ఆగదు, సీటు దాకా, వీసా దాకా వెళ్తుంది. షరతు రాసిన వాళ్లే తమ విడతను టైమ్‌కు ఇవ్వకపోతే ఆ షరతుకు అర్థమేముంది?

అక్కడి పద్ధతిలో మనం తీసుకోదగ్గది

చికాగో, డల్లాస్, న్యూజెర్సీల్లో స్థిరపడిన హైదరాబాదీ కుటుంబాలకు అక్కడి సర్కారు సాయం రూల్స్ కొంత తెలిసే ఉంటాయి. ఆ సాయం అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు, మరికొన్ని అర్హత ఉన్న వర్గాలకు. ఎఫ్-1 మీద వెళ్లిన మన పిల్లలకు రాదు. ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు ఇచ్చే పెల్ గ్రాంట్ దాంట్లో ముఖ్యమైనది.

అక్కడా షరతులు గట్టిగానే ఉన్నాయి. డిగ్రీ విద్యార్థి రెండో ఏడాది పూర్తయ్యే సరికి కనీసం సి గ్రేడ్ సగటు, అంటే సాధారణంగా 2.0 జీపీఏ ఉండాలి. తీసుకున్న క్రెడిట్లలో దాదాపు 67 శాతం పాస్ కావాలి. కోర్సు నిడివికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 180 క్రెడిట్లు ప్రయత్నించే లోపు ముగించాలి. మధ్యలో వదిలేసిన సబ్జెక్టు కూడా ప్రయత్నించినట్టే లెక్క. ఇది తెలియక సాయం పోగొట్టుకునే విద్యార్థులు అక్కడా ఉన్నారు. కాబట్టి అంతా బాగుందని చెప్పడానికి లేదు.

అయినా అక్కడ రెండు మెట్లు ఉన్నాయి, మన దగ్గర లేవు. మొదటిది వార్నింగ్. ప్రతి సెమిస్టర్‌కు లెక్క చూసే కాలేజీల్లో ఒకసారి తప్పితే వెంటనే సాయం ఆపరు. తర్వాతి సెమిస్టర్‌కు డబ్బు ఇస్తూనే, ఈలోగా సరిదిద్దుకో అని చెప్పొచ్చు. రెండోది అప్పీల్. అప్పటికీ కోలుకోకపోతే జబ్బు, దగ్గరి వాళ్ల మరణం లాంటి కారణాలు రాసి ఇవ్వొచ్చు. కాలేజీ ఒప్పుకుంటే ప్రొబేషన్ మీద సాయం కొనసాగుతుంది, ఎప్పటికి ఏ సబ్జెక్టులు పూర్తి చేయాలో ప్లాన్ రాసిస్తారు. షరతు ఎక్కడికీ పోలేదు. మనిషి ఎందుకు తప్పాడో అడిగే చోటు మాత్రం ఒకటి ఉంది.

"దుర్వినియోగం" మాటేమిటి?

షరతులు సడలిస్తే బోగస్ అడ్మిషన్లు పెరుగుతాయని అధికారులు అంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 సంస్థలను తనిఖీ చేయిస్తే 830 చోట్ల తేడాలు బయటపడ్డాయి. 2017-18 నుంచి 2021-22 వరకు నష్టం దాదాపు 144 కోట్ల రూపాయలని లెక్క కట్టారు. కేసు సీబీఐకి వెళ్లింది.

కానీ ఆ స్కామ్‌లో వేళ్లన్నీ చూపించింది సంస్థల వైపు, దరఖాస్తులు సరే అన్న అధికారుల వైపు, ఖాతాలు తెరిచిన చోట్ల వైపు. క్లాసులో కూర్చుని 48 మార్కులు తెచ్చుకున్న పిల్ల ఆ మోసంలో లేదు. దొంగ కాలేజీకి హాజరు 75 వేయడం కష్టమా? రిజిస్టర్‌లో అదెప్పుడూ నిండుగానే ఉంటుంది. హాజరు షరతుకు దొరికేది ఎక్కువగా నిజంగా చదువుతూ, నిజంగా ఇబ్బంది పడే వాళ్లే.

పైగా కేంద్రం వైపు తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. 2022లో ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేశారు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటులో చెప్పారు. ఇలాంటప్పుడు రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద భారం ఇంకా పెరుగుతుంది. అది కూడా జారిపోతే వెనకాల ఇంకో పథకం లేదు.

దెబ్బ ఎక్కువగా తగిలేది ఆడపిల్లలకు. అబ్బాయి డిటెయిన్ అయితే ఏడాది ఏదో పని చేసుకుని మళ్లీ కాలేజీకి పోతాడు. అమ్మాయి ఏడాది ఇంట్లో ఉంటే సంబంధాలు వస్తాయి. మళ్లీ ఫీజు కట్టి పంపించడమా, నికాహ్ చేయడమా అన్న ప్రశ్న వస్తే పేద ఇంట్లో జవాబు ఏమిటో అందరికీ తెలిసిందే.

చేయదగ్గ పనులు

సర్కారు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒకటి, హాజరు 80కి దిగగానే విద్యార్థి ఫోన్‌కు, తల్లిదండ్రుల ఫోన్‌కు తెలుగులో, ఉర్దూలో మెసేజ్ పంపాలి. రెండు, మొదటిసారి తప్పిన వాళ్లకు ఒక సెమిస్టర్ గడువు ఇవ్వాలి. మూడు, జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారి దగ్గర అప్పీల్‌కు దారి పెట్టి, జవాబుకు తేదీ కూడా పెట్టాలి. నాలుగు, సర్కారు ఫీజు బకాయి పడిన ఏడాదికి విద్యార్థి మీద హాజరు కోతను కాలేజీ రికార్డు చూసి సడలించాలి. ఖాతాకు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపే రాసి బ్యాలెన్స్ తీస్తే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు.

సమాజం చేయాల్సిందీ ఉంది. రంజాన్‌లో పేద పిల్లల ఫీజులకు జకాత్ ఇచ్చే వాళ్లు మన బస్తీల్లో తక్కువేమీ లేరు. ఆ సాయం ఎక్కువగా అడ్మిషన్ టైమ్‌కో, మంచి ర్యాంకు వచ్చిన వాళ్లకో పోతుంది. ఒక సెమిస్టర్ ఆగిపోయిన విద్యార్థిని కమిటీలు కూడా "ఫెయిల్ అయ్యాడు కదా" అని పక్కన పెడతాయి. అర్హులైన వాళ్లను చూసి, అలా మధ్యలో ఆగిన వాళ్లకు కొంత పక్కన పెడితే సర్కారు వదిలేసిన ఏడాదిని దాటించవచ్చు. రెన్యువల్ రోజుల్లో జుమా నమాజ్ తర్వాత మసీదు దగ్గర ఓ టేబుల్ వేసి ఈపాస్ స్టేటస్ చూసి చెప్పినా చాలా మందికి మేలు.

విద్యార్థులు ఈ వారమే చేయగల పని ఒకటుంది. హాజరు శాతం ఎంతో కాలేజీలో అడిగి రాసుకోవాలి. జబ్బు చేస్తే దవాఖాన చీటీ, రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితం జాగ్రత్త పెట్టుకోవాలి. క్లాసులకు రాలేకపోతే ఎందుకో ఆ రోజుల్లోనే కాలేజీకి లెటర్ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఇవాళ అప్పీల్ వినే చోటు లేకపోవచ్చు. రేపు ఆ చోటు వచ్చినా, కోర్టుకు వెళ్లాల్సి వచ్చినా చేతిలో కాగితం ఉన్న వాళ్ల మాటే నిలబడుతుంది.