మిగిలిన పైసలు ఏడున్నయి?

పోయిన దసరా నెలలో నేను బాగా ఆదా చేశాననే అనుకున్నాను. ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ ఫోన్ పచ్చటి అక్షరాల్లో మెచ్చుకునేది మరి, "మీరు 640 రూపాయలు ఆదా చేశారు" అని. నెలాఖరున అన్నీ కూడితే 3,180 తేలింది. గొప్పగా అత్తమ్మకు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"మంచిదే బిడ్డా. ఆ మిగిలిన పైసలు ఏడున్నయి? తీస్కరా, చూస్త."

ఎక్కడున్నాయి? ఇంట్లో ఉన్నవి మూత సరిగా పట్టని డబ్బాల సెట్టు, పాపకు ఒక సైజు పెద్దవైన చెప్పులు, మా ఆయనకు మూడో జత ఇయర్‌ఫోన్లు, ఫోన్‌లో వాడని బఫే కూపన్. ఆ వారమే కట్టాల్సిన చిట్టీకి మాత్రం 2,000 తక్కువ పడ్డాయి. పక్కింటి వదిన దగ్గర చేబదులు తీసుకుని కట్టాను. ఆ రోజు పడ్డ సిగ్గు ఏ కూపనూ తీర్చలేదు.

నా కోపం ఆ "ఆదా" అన్న మాట మీదే. మన అమ్మలు ఆదా చేస్తే పోపుల డబ్బాలో నోటు కనిపించేది. వీళ్ళు చెప్పే ఆదా ఖర్చు పెడితేనే వస్తుంది. ఎంత ఎక్కువ ఖర్చు పెడితే అంత ఎక్కువ ఆదా! ఇదేం లెక్క?

ఈ డీల్ వ్యాపారం 2008లో అమెరికాలోని షికాగోలో మొదలైన గ్రూపాన్‌తో పెద్దదైంది. మన దేశంలో స్నాప్‌డీల్ కూడా 2010లో రోజువారీ డీల్స్ సైటుగానే మొదలైంది. వెయ్యి రూపాయల భోజనం కూపన్ 500కి అమ్మితే, అందులో సగం దాకా సైటే తీసుకునే పద్ధతి ఉండేది. అంటే హోటల్ చేతికి వచ్చేది 250. ఆ ధరకు రోజూ పెడితే హోటల్ మూతపడుతుంది. అందుకే కింద చిన్న అక్షరాల్లో షరతులు. హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళినప్పుడు తినొచ్చని నేను కొన్న కూపన్ సోమవారం నుంచి గురువారం వరకే చెల్లుతుందట. మేం వెళ్ళింది ఆదివారం. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పూర్తి డబ్బు కట్టి తిన్నాం.

కొట్టేసి చూపించే ఆ పెద్ద ధర సంగతీ అంతే. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే. చాలా వస్తువులకు దాన్ని కంపెనీయే వేసుకుంటుంది. దాని మీద 70 శాతం తగ్గింపు అంటే నాకేం తెలిసినట్టు? మన దుకాణంలో ఎంతకు ఇస్తున్నారో అడిగితేనే అసలు లెక్క తెలుస్తుంది.

"ఆడోళ్ళకు ఆఫర్ల పిచ్చి" అనే మగవాళ్ళు ముందు తమ ఇయర్‌ఫోన్లు లెక్కపెట్టుకోవాలి. ఇది పిచ్చి కాదు, పన్నిన వల. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను తప్పని ప్రకటించింది. "ఇంకా రెండే ఉన్నాయి" అని అబద్ధపు తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో కలపడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం అందులో ఉన్నాయి. అయినా రాత్రి 11 గంటలకు మన ఫోన్ దగ్గర కాపలా ఉండేది చట్టం కాదు, మనమే.

నిర్మల్‌లో దొరకనివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొన్ని చవక కూడా. నిజమే, నేనూ కొంటాను. అయితే అంగడిలో కొన్నట్టు కొంటాను. అంగడిలో ధర నచ్చకపోతే వెనక్కి తిరిగి నడుస్తాం, అమ్మే ఆమే పిలుస్తుంది. ఫోన్‌లోనూ బుట్టలో పెట్టి రెండు రాత్రులు వదిలేయండి. చాలాసార్లు వాళ్ళే కూపన్ పట్టుకుని వెంట వస్తారు. రాకపోయినా, సగం వస్తువులు మూడో రోజుకు మనకే అక్కర్లేదనిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కావాల్సిన వస్తువు, పెట్టగల ధర ముందు క్యాలెండర్ వెనక రాయాలి. అక్కడ లేనిది ఎంత తగ్గించినా కొనం. 500 దాటితే ఇద్దరం ఒప్పుకోవాలి, ఆయనకూ ఇదే రూలు. కూపన్ అయితే గడువు, చెల్లే రోజులు, పన్నులు వేరా కాదా చూసి, ఆ షరతుల ఫొటో తీసి పెట్టుకోవాలి. మోసం జరిగితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

చివరిది అత్తమ్మ పెట్టిన రూలు. దుకాణంలో 900 ఉన్న కుక్కర్ 700కి వస్తే, ఆ 200 అదే రోజు డబ్బాలో పడాలి. వేయలేకపోతే అది ఆదా కాదు.

పోయిన నెల డబ్బాలో 340 పడ్డాయి. అత్తమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.