హుండీకి కళ్లుండవు

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి ఏ గురువారమైనా వెళ్లి, హుండీ దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. గుప్పిట మూసి వేసేవాళ్లే ఎక్కువ. పది వేశారో, ఐదొందలు వేశారో వెనకున్నవాళ్లకి తెలీదు. ఇంకొందరు జేబులో చెయ్యి పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, దండం పెట్టుకుని వెళ్లిపోతారు. హుండీ వాళ్లని వెనక్కి పిలవదు.

నేను రాసిన కోడ్ పిలిచింది. ఈ వ్యాసం దాని గురించే.

ఎల్‌బీ నగర్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న సేవాసంస్థ ఉంది. పేరు వద్దులెండి. పిల్లల స్కూలు ఫీజులు కడతారు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఆటో ఖర్చులిస్తారు. సెకండియర్ సెలవుల్లో వాళ్ల వెబ్‌సైట్ బాగుచేసే పని నాకు అప్పజెప్పారు. అప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు ఒకటి పూర్తిచేసి ఉన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేర్చుకున్నదంతా అక్కడే పెట్టేశాను. గూగుల్ అనలిటిక్స్, ప్రతి పేజీలో ఫేస్‌బుక్ పిక్సెల్, ఇవి చాలవన్నట్టు ఫారంలో టైప్ చేస్తుండగానే వివరాలు దాచే కోడ్. బటన్ నొక్కకపోయినా సరే, పేరూ నంబరూ సాయంత్రానికల్లా సెక్రటరీ సార్ మెయిల్‌లో ఉండేవి.

ఒకరోజు ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆఫీసుకొచ్చారు. చైతన్యపురి నుంచి మెట్రోలో వచ్చారట. రెండు రోజుల కింద రాత్రి వెయ్యి రూపాయలిద్దామని ఫారం నింపడం మొదలుపెట్టి, మందుల ఖర్చు గుర్తొచ్చి ఆపేశారు. తెల్లారి ఆఫీసు నుంచి ఫోన్: "అమ్మా, మీ డొనేషన్ మధ్యలో ఆగిపోయింది, ఏమైనా ప్రాబ్లమా?"

ఆవిడ ఒక కవర్ తీసి టేబుల్ మీద పెట్టారు. లోపల వెయ్యి రూపాయలు. "ఇద్దామనుకున్నా, మళ్ల వద్దనుకున్నా. అది నా మనసుల ఉన్న సంగతి గద బాబూ, మీకెట్ల తెలిసింది?"

సార్ నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు. వెనక్కి తీసుకోమన్నా ఆవిడ తీసుకోలేదు. సిగ్గుపడి ఇచ్చిన డబ్బు అది. నిజానికి సిగ్గుపడాల్సింది నేను.

ఆ రాత్రి సైట్ మొత్తం తవ్వితే ఇంకా బయటపడ్డాయి. డబ్బు కట్టాక వచ్చే 'ధన్యవాదాలు' పేజీ అడ్రస్‌లోనే దాత పేరు, ఫోన్ నంబరు, ఇచ్చిన మొత్తం కనబడుతున్నాయి. అనలిటిక్స్ పేజీ అడ్రస్‌ని ఉన్నదున్నట్టు రాసుకుంటుంది కాబట్టి అవన్నీ గూగుల్‌కి చేరుతున్నాయి. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు అనలిటిక్స్‌కి పంపొద్దని గూగుల్ షరతుల్లోనే ఉంది. నేను చదివితే కదా! డయాలసిస్ సాయానికి దరఖాస్తు పెట్టుకునే పేజీలోనూ పిక్సెల్ ఉంది. ఒక ఇంట్లో కిడ్నీ జబ్బుందన్న సంగతి, చుట్టాలకి చెప్పుకోకముందే ఒక ప్రకటనల కంపెనీకి తెలిసే దారి నేనే వేశానన్నమాట.

పోనీ ఇంత చేస్తే లెక్కలైనా సరిగ్గా వచ్చాయా? అదీ లేదు. రిపోర్టులో దానాలు తక్కువ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎక్కువ. మనవాళ్లు ఫోన్లో సైట్ తెరుస్తారు, యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు పంపుతారు, మెసేజ్ రాగానే ఫోన్ జేబులో పెట్టేస్తారు. 'ధన్యవాదాలు' పేజీకి తిరిగి రారు. ఆ పేజీ తెరుచుకుంటేనే లెక్కపెట్టే కోడ్‌కి ఆ దానం జరగనట్టే.

మనకి డబ్బు లెక్క రాసే పద్ధతులు రెండున్నాయి. ఒకటి హుండీ లెక్క. తిరుమల పరకామణిలో ఎంత వచ్చిందో లెక్కపెడతారు. ఎవరు వేశారో ఎవరికీ తెలీదు. రెండోది పెళ్లిలో చదివింపుల పుస్తకం. ఎవరు, ఏ ఊరు, ఎంత, అన్నీ పేరుపేరునా రాసి బీరువాలో దాస్తారు. రెండూ కావాల్సినవే. చదివింపుల పుస్తకాన్ని హుండీ పక్కన తెరిచిపెట్టడమే నేను చేసిన తప్పు.

అందుకే రెండింటినీ విడదీశాం. పిక్సెల్ తీసేశాం. సగం ఫారం దాచే కోడ్‌నీ, అది పోగుచేసిన వివరాలనీ చెరిపేశాం. గూగుల్ బదులు మటోమో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మా సర్వర్‌లోనే పెట్టి, కుకీలు ఆపి, ఐపీ అడ్రస్ చివరి భాగం కనబడకుండా చేశాం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గరి పోస్టర్‌కి ఒక క్యూఆర్ కోడ్, ఎల్‌బీ నగర్ పోస్టర్‌కి ఇంకొకటి, వాట్సాప్ మెసేజ్‌కి వేరే లింకు. డబ్బు అందినట్టు పేమెంట్ గేట్‌వే మా సర్వర్‌కి నేరుగా చెప్తుంది. అప్పుడు ఏ పోస్టర్ నుంచి, ఏ రోజు, ఎంత అన్నది మాత్రం హుండీ లెక్కలో పడుతుంది. ఇప్పుడా లెక్క బ్యాంకుతో సరిపోతోంది. తక్కువ చూస్తే ఎక్కువ తెలిసింది!

చదివింపుల పుస్తకం మాత్రం ఉండాల్సిందే. పూర్తి గుప్తదానాన్ని పన్ను చట్టం అంతగా ఒప్పుకోదు. పేరూ చిరునామా లేని దానాలు ఒక పరిమితి దాటితే సంస్థ పన్ను కట్టాలి. 80జీ మినహాయింపు కోసం దాతల వివరాలు ఫారం 10బీడీలో ఇచ్చే పద్ధతి 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. కాబట్టి ఆ రసీదు కావాలన్నవాళ్లనే పాన్ అడుగుతున్నాం. ఆ వివరాలు కోశాధికారి దగ్గరే ఉంటాయి, అనలిటిక్స్ వైపు పోవు.

సెక్రటరీ సార్ వాదన కూడా చెప్పాలి. "బాబూ, ఆ ఫోన్ కాల్స్ వల్ల కొందరు ఇచ్చారు కూడా. ఫీజు కట్టకపోతే పిల్లల్ని బయట నిలబెడతారు." నిజమే. ఆ కాల్స్ ఆగాక కొంత డబ్బు తగ్గి ఉంటుంది, నేను కాదనను. కానీ సాయం అడిగేవాళ్లకీ, ఇచ్చేవాళ్లకీ ఆ గడప మీద నమ్మకం పోతే మిగిలేదేంటి? మెట్రోలో రోజూ వినే 'విక్టోరియా మెమోరియల్' అన్న పేరు నిజాం కాలం నాటి అనాథ పిల్లల హోమ్‌ది. ఈ దారిలో దానం ఎప్పట్నుంచో ఉంది. తొంగిచూడటమే కొత్త.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో మన క్లబ్బుకి పనికొచ్చే మాట ఒకటుంది. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో కూడా.

ఆ తెలుగు ఎవరు రాస్తారు? మెషీన్‌కి వదిలేస్తే 'డేటా ప్రిన్సిపల్ యొక్క సమ్మతి ఉపసంహరణ' అని వస్తుంది. ఆ టీచరమ్మకి అర్థమయ్యేలా నేను ఇలా రాశాను: "మీ పేరు, చిరునామా రసీదు కోసం అడుగుతున్నాం. వేరే ఎవరికీ అమ్మం. చట్టం అడిగితే తప్ప ఎవరికీ ఇవ్వం. వద్దనుకుంటే ఎప్పుడైనా చెప్పండి, చట్టం ఉంచమన్నది తప్ప మిగతాది తీసేస్తాం. సగంలో ఆపేస్తే ఏమీ దాచం, ఫోన్ చెయ్యం."

ఇంతకన్నా బాగా రాయగలిగినవాళ్లు ఈ క్లబ్బులో చాలామంది ఉన్నారు. కవితల పోటీతో పాటు ఈసారి ఇలాంటి నోటీసుల పోటీ కూడా పెడదామా? గెలిచింది సైట్‌లో పెట్టే పూచీ నాది.