ఫిర్యాదు పోలీసుల మీదైతే దర్యాప్తు ఎవరిది?

2022 ఏప్రిల్‌లో కళ్యాణదుర్గంలో ఒక పసిబిడ్డ చనిపోయింది. కొత్తగా మంత్రి పదవి చేపట్టి నియోజకవర్గానికి వచ్చిన ఉషశ్రీ చరణ్‌కు ఆ రోజు పట్టణంలో స్వాగత ర్యాలీ జరుగుతోంది. శెట్టూరు మండలం నుంచి బిడ్డను ఆసుపత్రికి తెస్తున్న తమను ర్యాలీ కోసం పోలీసులు ఆపేశారని తల్లిదండ్రులు చెప్పారు. ట్రాఫిక్ వల్ల ఆలస్యమేమీ జరగలేదని పోలీసు శాఖ చెప్పింది. ఎవరి మాట నిజమో ఇక్కడ మేము తేల్చబోవడం లేదు. ఆరోపణ పోలీసుల మీద, దానికి జవాబు కూడా పోలీసులదే. ఆ రెంటి మధ్య నిలబడి సాక్ష్యం చూసే మూడో మనిషి ఎవరన్నదే మా ప్రశ్న.

అదే ఏడాది అదే జిల్లాలో ఇంకో సంఘటన. పోలీసులకు రావాల్సిన బకాయిలు చెల్లించాలని ముఖ్యమంత్రి పర్యటన సమయంలో ప్లకార్డు పట్టుకున్న ఒక ఏఆర్ కానిస్టేబుల్ కొన్ని వారాలకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కారణం ప్లకార్డు కాదని, పాత ఆరోపణలని శాఖ వివరణ. ఆయన దళితుడు. ఆయన ఫిర్యాదుపై జిల్లా ఉన్నతాధికారుల మీదే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. యూనిఫాం వేసుకున్న దళితుడికే శాఖ లోపల న్యాయం దొరకడం ఇంత కష్టమైతే, కంబదూరు నుంచో కుందుర్పి నుంచో స్టేషన్‌కు వచ్చే కూలీ మాట చెప్పేదేముంది?

మన దగ్గర ఒక అలవాటుంది. 'మంచి ఎస్పీ వచ్చాడు, ఇక ఫర్వాలేదు' అనుకుంటాం. ఆయనకు బదిలీ అయితే మళ్లీ మొదటికే వస్తాం. నాయకత్వాన్ని మనిషి మంచితనానికి వదిలేయకూడదనే చట్టంలో అంత వివరంగా రాశారు. 1995 నిబంధనల్లో 7వది చూడండి. దర్యాప్తు అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. ఆ అధికారిని నియమించేటప్పుడు అనుభవంతో పాటు కేసు లోతును గ్రహించే సామర్థ్యాన్ని, న్యాయ దృష్టిని కూడా చూడాలి. న్యాయ దృష్టిని అర్హతగా పెట్టిన నిబంధనలు మన పోలీసు వ్యవస్థలో ఎన్ని ఉన్నాయి? ఆచరణలో మాత్రం ఆ సబ్‌డివిజన్‌కు ఎవరు డీఎస్పీగా ఉంటే ఫైలు వారి బల్ల మీదికే పోతుంది.

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 4వ సెక్షన్ ఇంకా స్పష్టం. ఫిర్యాదు రాసుకుని చదివి వినిపించడం, ఎఫ్ఐఆర్ కట్టడం, దాని ప్రతిని వెంటనే ఇవ్వడం, 60 రోజుల్లో చార్జిషీటు వేయడం, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పడం అధికారి విధులు. కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. అయితే చిక్కు కూడా అక్కడే పెట్టారు. శాఖాపరమైన విచారణ సిఫార్సు చేస్తేనే ఆ అభియోగం నమోదవుతుంది. తన కింది అధికారిని జైలుకు పంపమని పై అధికారి రాయాలి! 'మా వాళ్లు' అన్న బంధం ముందు ఎంతమంది ఆ సంతకం పెడతారు?

ఆ 60 రోజుల గడువు కళ్యాణదుర్గం లాంటి చోట చాలా ముఖ్యం. వేరుశనగ ఎండిపోయిన ఏడాది మాదిగవాడలో ఎవరు మిగులుతారు? పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరు బస్సెక్కుతారు, అక్కడ భవన నిర్మాణ పనుల్లో ఉంటారు. అంటే సాక్షులు కూడా వెళ్లిపోతారు. వాంగ్మూలం మూడు నెలలు ఆలస్యమైతే సాక్షి దొరకడు. వాయిదాకు అనంతపురం రావాలంటే అతను రెండు మూడు రోజుల కూలి వదులుకోవాలి. ఈలోగా గ్రామంలో 'రాజీ' మాటలు మొదలవుతాయి. కేసు వీగిపోయాక అందరూ సాక్షులు ఎదురుతిరిగారంటారు. ఎవరూ బెదిరించకుండానే, కేవలం ఆలస్యంతోనే ఒక కేసును చంపేయవచ్చు. అందుకే గడువు దాటిన ప్రతి ఫైలూ ఆ పై అధికారి నైతికతకు సంబంధించిన ప్రశ్నే.

శాఖ కదిలిన సందర్భాలు లేకపోలేదు. 2020లో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో దళిత యువకుడికి శిరోముండనం చేసినప్పుడు ఎస్సైని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. అయినా ఆ యువకుడు, న్యాయం జరగలేదు, నక్సలైట్లలో చేరడానికి అనుమతించండని రాష్ట్రపతికి లేఖ రాయాల్సి వచ్చింది. 2021లో తెలంగాణలోని అడ్డగూడూరు స్టేషన్‌లో మరియమ్మ చనిపోయాక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. రెండు చోట్లా జనం రోడ్డెక్కాకే చర్యలు. శిక్ష ఎస్సై స్థాయి దగ్గరే ఆగిపోకూడదు. స్టేషన్‌లో ఏం జరుగుతోందో చూడాల్సిన పై అధికారులను కూడా అడగాలి.

పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ప్రత్యేక ప్రాధికార సంస్థలు పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఆదేశించింది. మనం మొదట అడిగిన మూడో మనిషి అదే. దాన్ని డిమాండ్ చేస్తూనే, ఇప్పటికే చేతిలో ఉన్నవాటిని వాడుకోవాలి. కళ్యాణదుర్గం రెవెన్యూ డివిజన్ కేంద్రం. డివిజన్ స్థాయి విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలని నిబంధనల్లో ఉంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ప్రతి నెలా 30న గ్రామాల్లో పౌర హక్కుల దినం జరపాలి.

విద్యార్థి మిత్రులు సమాచార హక్కు చట్టం కింద పెట్టాల్సిన దరఖాస్తు ఒక పేజీ కూడా కాదు. గత మూడేళ్లలో డివిజన్ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, మినిట్స్ ప్రతులు ఏవి? 60 రోజులు దాటిన అట్రాసిటీ కేసులెన్ని, ఆలస్యానికి రాసిన కారణాలేమిటి? 4వ సెక్షన్ కింద ఎంతమంది అధికారులపై విచారణకు ఆదేశించారు? పౌర హక్కుల దినం ఏ ఊళ్లో, ఏ తేదీన జరిగింది, ఎవరు హాజరయ్యారు? దరఖాస్తు ఆర్డీవో, డీఎస్పీ కార్యాలయాలకు వేర్వేరుగా పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేయండి.