మరిచిపోవడం కూడా పనే

"సాఫ్ట్‌వేర్‌దేముందండీ, అది పనిముట్టు మాత్రమే. చేతిలో కళ ఉంటే ఏ పనిముట్టయినా ఒకటే."

త్రీడీ యానిమేషన్ రంగంలో ఈ మాట వినని వాళ్ళుండరు. వినడానికి కళని గౌరవిస్తున్నట్టే ఉంటుంది. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడంటారో గమనించండి. స్టూడియో ఒక సాఫ్ట్‌వేర్‌ని వదిలి ఇంకోదానికి మారుతుంది. "నేర్చుకోవడానికి ఎన్ని రోజులిస్తారు?" అని పనిచేసే మనిషి అడుగుతుంది. దానికి జవాబుగా వస్తుందీ మాట. రోజులు ఇవ్వం, మీరే ఎలాగో చూసుకోండి అని దానర్థం. పని చేసీ, పని నేర్పీ ఈ రంగంలో పదిహేనేళ్ళు గడిపిన దాన్ని కాబట్టి, కళ పేరు చెప్పి మా చేత చేయించుకునే ఈ జీతం లేని చాకిరి గురించి మాట్లాడాలనుకుంటున్నాను.

మన వంటింట్లోంచే ఒక ఉదాహరణ చెప్తాను. నలభై ఏళ్ళు కత్తిపీట మీద కూరలు తరిగిన అమ్మ చేతికి ఒక్కసారిగా చాకు ఇచ్చి చూడండి. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కూరగాయని మనమే దాని మీదకి తోస్తాం. చాకుతో అయితే కాయ కదలదు, కత్తి కదులుతుంది. తరగడం రాదని అమ్మని ఎవరూ అనలేరు. కానీ ఆవిడ చేతులు ఇన్నేళ్ళ అలవాటుని తలకిందులు చేసుకోవాలి. ఆ కొద్ది రోజులూ వంట ఆలస్యమవుతుంది, వేళ్ళు తెగుతాయి. మరి ఆ ఆలస్యానికి మాటలు పడేదెవరు?

మా పనిలో జరిగేదీ అదే. మాయాలో బొమ్మని జరపడానికి డబ్ల్యూ మీట, తిప్పడానికి ఈ, సైజు మార్చడానికి ఆర్. బ్లెండర్‌లో జరపడానికి జి, తిప్పడానికి ఆర్, సైజు మార్చడానికి ఎస్. మాయాలో ఎస్ నొక్కితే ఆ క్షణాన బొమ్మ ఉన్న భంగిమ కీఫ్రేమ్‌గా నమోదవుతుంది. రోజుకి కొన్ని వందలసార్లు నొక్కే మీట అది. బ్లెండర్‌లో అదే వేలు అదే అలవాటుతో ఎస్ మీద పడితే, మౌస్ కదిలినకొద్దీ బొమ్మ ఉబ్బుతూ పోతుంది. ఇలాంటివి కొన్ని డజన్లున్నాయి. మాయాకి అలవాటైన మీటల అమరికని బ్లెండర్‌లోనూ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ దొరికే పాఠాలూ పక్క సీటు వాళ్ళు చేసే సాయమూ ఎక్కువగా దాని సొంత మీటలతోనే ఉంటాయి. సొంత అలవాటు నిలబెట్టుకున్న మనిషి అక్కడ ఒంటరిదైపోతుంది.

ఇక చేసిన పనిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడం మరో బాధ. మాయా మామూలుగా వై అక్షాన్ని పైదిక్కుగా తీసుకుంటుంది. బ్లెండర్‌కీ త్రీడీఎస్ మ్యాక్స్‌కీ పైదిక్కు జెడ్. మాయా లెక్క సెంటీమీటర్లలో, బ్లెండర్ లెక్క మీటర్లలో. సరిచూసుకోకపోతే నిలబడ్డ మనిషి వెల్లకిలా పడుకుని వస్తుంది, లేదా వందరెట్లు తేడాతో వస్తుంది. అది నవ్వుకుని సరిచేసుకోగల విషయమే. నవ్వు రానిది రిగ్ సంగతి. తోలుబొమ్మకి కట్టిన పుల్లల్లాంటిది రిగ్. దాన్ని పట్టుకునే బొమ్మని ఆడిస్తాం. ఎఫ్‌బీఎక్స్ ఫైలుగా పంపితే బొమ్మ వెళ్తుంది, ఎముకలు వెళ్తాయి, పుల్లలు మాత్రం ఇవతలే ఉండిపోతాయి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పది సెకన్ల షాటులో 240 ఫ్రేములు. వాటిలో ఓ పన్నెండు చోట్ల ఆలోచించి పెట్టుకున్న భంగిమలు, అటువైపుకి చేరేసరికి ప్రతి ఫ్రేముకీ ఒక కీగా పరుచుకుపోతాయి. కదలిక కనిపిస్తుంది కానీ దాన్ని మళ్ళీ దిద్దే వీలు దాదాపు పోతుంది. కథ రాసుకున్న మనిషికి దాన్ని చదవనిచ్చి, దిద్దడానికి కలం ఇవ్వకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఈ మార్పులు ఎవరి అవసరం కోసం జరుగుతున్నాయి? మాంట్రియల్‌లో 1986లో పుట్టిన సాఫ్టిమేజ్ 1994లో మైక్రోసాఫ్ట్ చేతికి, 1998లో ఎవిడ్ చేతికి, 2008లో ఆటోడెస్క్ చేతికి వెళ్ళింది. అప్పటికే మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ రెండూ ఆటోడెస్క్‌వే. 2014 మార్చిలో, ఇక సాఫ్టిమేజ్‌కి కొత్త వెర్షన్లు ఉండవని ప్రకటించి, వాడేవాళ్ళని ఆ రెండింటిలో ఒకదానికి మారమన్నారు. దాని మీద ఏళ్ళ తరబడి చెయ్యి తిప్పుకున్న వాళ్ళ నైపుణ్యం విలువ అంతటితో పడిపోయింది. లాభనష్టాల పట్టికలో ఆ నష్టం ఎవరి పేరునా రాయలేదు. 2016కల్లా ఈ కంపెనీ శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేసి చందా పద్ధతికి వెళ్ళిపోయింది. అంటే పనిముట్టు ఎప్పటికీ మనది కాదు, అద్దె కట్టినన్నాళ్ళే.

ఈ కష్టం మగవాళ్ళకి లేదా? ఉంది. కానీ కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఆఫీసు వేళల్లో నేర్చుకోనివ్వరు. రాత్రుళ్ళూ ఆదివారాలూ నేర్చుకోవాలి. మగవాడి రాత్రి అతనిది. మన రాత్రి అంట్లదీ, పిల్లల హోంవర్కుదీ, అత్తగారి మందులదీ. అన్నీ అయ్యాక పదకొండింటికి కంప్యూటరు ముందు కూర్చున్న ఆడమనిషినీ, ఏడింటికి కూర్చున్న మగమనిషినీ నెల తర్వాత ఒకే పరీక్ష పెట్టి, "ఆమె కొంచెం స్లో" అని తేల్చేస్తారు. నేను పనిచేసిన ఒక చోట ఈ మాట రాతపూర్వకంగానే చూశాను. ఆమె చేసిన నడకల్లో బరువుంది, ఊపిరుంది. వాటి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. మీటలు వెతుక్కున్న సెకన్లు మాత్రం లెక్కకొచ్చాయి.

కాన్పుకి వెళ్ళి రెండేళ్ళు ఆగిన వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. విద్యార్థులకి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు. ఉద్యోగస్తులకి కంపెనీ కొంటుంది. ఇంట్లో బిడ్డని చూసుకునే తల్లి విద్యార్థీ కాదు, ఉద్యోగీ కాదు. పనిముట్టుని ముట్టుకోవడానికి కూడా ఆమెకి దారి లేదు. తిరిగొచ్చేసరికి స్టూడియో మారిపోయి ఉంటుంది. "టెక్నాలజీ అంటే ఆడవాళ్ళకి భయం" అనే మాట అప్పుడు సిద్ధంగా ఉంటుంది.

ఇది కొత్త కథేం కాదు. 1938లో ఉద్యోగమడిగిన ఒక యువతికి డిస్నీ స్టూడియో జవాబు రాసింది. సృజనాత్మకమైన పని యువకులు చేస్తారనీ, అందుకే అమ్మాయిలని శిక్షణకి తీసుకోవడం లేదనీ ఆ ఉత్తరం సారాంశం. ఆడవాళ్ళకి మిగిలింది పారదర్శకమైన సెల్ షీట్ల మీద సిరాతో గీతలు దిద్దడం, వెనకవైపు రంగులు నింపడం. ఆ గీతలోనే వాళ్ళు అసాధారణమైన నేర్పు సంపాదించారు. 1961లో వచ్చిన 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' నాటికి జిరాక్స్ పద్ధతి గీతల్ని నేరుగా షీటు మీదకి ఎక్కించేసింది. సిరాతో గీసేవాళ్ళ అవసరం చాలామటుకు పోయింది. శిక్షణ తలుపు మూసిపెట్టి, పనిముట్టు మారిన రోజున నీకు ఈ పని తప్ప ఇంకేం రాదు అనడం పాత ఎత్తే. ఇవాళ తలుపు మూసెయ్యరు. రాత్రి పదకొండు తర్వాత తెరిచిపెడతారు.

బ్లెండర్ ఉచితం కదా, అదే విముక్తి కదా అనే స్నేహితులున్నారు. దాని మీద నాకూ గౌరవముంది. 2002లో ప్రజల నుంచి లక్ష యూరోలు పోగుచేసి దాని కోడ్‌ని అందరి సొత్తు చేశారు. పూర్తిగా బ్లెండర్‌లో తయారైన లాట్వియా చిత్రం 'ఫ్లో' 2025లో ఆస్కార్ గెలిచింది. ఇంట్లో కూర్చున్న తల్లి ముట్టుకోగల పనిముట్టు ఇదొక్కటే అన్నా తప్పులేదు. కానీ స్టూడియోలు దాన్ని ఎత్తుకున్నప్పుడు మిగిలిన లైసెన్సుల డబ్బు ఎక్కడికెళ్తోంది? అందులోంచి నాలుగు వారాల జీతమిచ్చి కూర్చోబెట్టి నేర్పమంటే ఎందుకు నోరు పెగలదు? సాఫ్ట్‌వేర్ ఉచితమైతే మా కాలం కూడా ఉచితమేనా?

రచయిత్రులకి ఇదంతా దూరపు గొడవ అనిపించవచ్చు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేయించిన మీ పాత కథల్ని యూనికోడ్‌లోకి మార్చి చూసుకున్నారా? విడిపోయిన ఒత్తుల్నీ గల్లంతైన దీర్ఘాల్నీ ఒక్కొక్కటే దిద్దింది ఎవరు? ఏ డీటీపీ సెంటర్లోనో కూర్చున్న అమ్మాయో, కళ్ళజోడు సర్దుకుంటూ మీరో. ఆ శ్రమకి ఎవరైనా లెక్క కట్టారా?

మేమడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. సాఫ్ట్‌వేర్ మార్చాలని నిర్ణయించిన వాళ్ళే నేర్చుకునే కాలానికి జీతమివ్వాలి, అదీ పనివేళల్లోనే. మారిన తొలి నెలల వేగాన్ని ఎవరి పనితనం మీదా తీర్పుగా రాయకూడదు. కాన్పు సెలవు నుంచి వచ్చినవాళ్ళకి అదే శిక్షణ హక్కుగా ఉండాలి. "కళ ఉంటే చాలు" అనే పెద్దమనుషులు ఇవి ఒప్పుకోవచ్చు కదా. మా కళ మీద వాళ్ళకి అంత నమ్మకముంటే నాలుగు వారాలు ఎదురుచూడటం పెద్ద కష్టం కాకూడదు.