అందం సరే, పక్క సీటు మాటేమిటి?

పాతకాలం అమెరికన్ పికప్ ట్రక్కు బొమ్మ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బొద్దుగా ఉబ్బిన మడ్‌గార్డులు, ముందు అయిదు అడ్డపట్టీల గ్రిల్లు, గుండ్రటి హెడ్‌లైట్లు, వెనక సామాను వేసే చోట చెక్క పలకలు. షెవర్లే కంపెనీ 1947 నుంచి 1955 దాకా చేసిన 3100 ట్రక్కు చాలావరకు ఇలాగే ఉంటుంది. అమెరికాలో ఇప్పటికీ దానికి కొత్త రంగులేసి మురిసిపోతుంటారు.

మురిసిపోవచ్చు, తప్పులేదు. కానీ ఆ బండి ఎవరి కోసం తయారైందో కూడా ఒక్కసారి ఆలోచించాలి కదా!

ముగ్గురు పట్టే ఒకటే పొడుగు సీటు. భర్త నడిపితే భార్యాబిడ్డలు పక్కన సర్దుకునేవాళ్ళు. మొదట్లో గేర్ రాడ్డు కింద నుంచి లేచి మధ్యలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకి అడ్డుపడేది. 1948లో మూడు గేర్ల బండికి దాన్ని స్టీరింగ్ దగ్గరికి మార్చారు. హమ్మయ్య, కాళ్ళకి చోటు దొరికింది! 1954లో అదనపు డబ్బిస్తే క్లచ్చి తొక్కే పనిలేని ఆటోమేటిక్ గేర్లూ వచ్చాయి. అంటే సౌకర్యం గురించి బాగానే ఆలోచించారన్నమాట.

మరి ప్రాణం గురించి? సీటు బెల్టు లేదు. ఎదురుగా మెత్త లేని ఇనుప డాష్‌బోర్డు. 1949 మోడల్ నుంచి పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సరిగ్గా వీపు వెనక! వెనక ఎర్రలైటు కూడా మామూలుగా ఎడమ పక్క ఒకటే. రెండోది కావాలంటే విడిగా కొనుక్కోవాలి.

'ఆ రోజుల్లో అన్ని బండ్లూ అంతే' అంటారు. నిజమే. అడిగేవాళ్ళు లేకపోతే అంతే ఉంటాయి. అమెరికాలో కొత్త కార్లకి సీటు బెల్టు తప్పనిసరి చేసింది 1968లో. అక్కడి ప్రభుత్వం స్టార్ రేటింగు కోసం చేసే ఎదురు ఢీ పరీక్షల్లో పక్క సీట్లో చిన్న సైజు ఆడబొమ్మను కూర్చోబెట్టింది 2011 మోడళ్ళ నుంచి. అప్పుడు కూడా డ్రైవరు సీట్లో మగబొమ్మే! ఆడవాళ్ళు బండి నడపరనా?

అందుకే ఇంట్లో బండి కొనే మాట వస్తే 'రంగు నువ్వు చెప్పు చాలు' అంటే ఒప్పుకోకండి. మీరే వెళ్ళి రెండు సీట్లలోనూ కూర్చోండి. బెల్టు భుజం మీదుగా వస్తోందా, మెడకి కోసుకుంటోందా చూడండి. ఎయిర్‌బ్యాగులెన్నో, ఢీ పరీక్షలో ఎన్ని స్టార్లొచ్చాయో అడగండి. మైలేజీ ఎంతని మగవాళ్ళు ఎలాగూ అడుగుతారు. ప్రాణం సంగతి మనం అడుగుదాం.