మొక్కు మొక్కే... మాత్ర మాత్రే!

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే బస్సు అలంపూర్ చౌరస్తాలో ఆగుతుంది. దిగేవాళ్లలో రకరకాల మొక్కులవాళ్లు. పెళ్లి కుదరాలని ఒకరు, కడుపు పండాలని ఇంకొకరు, బోర్లో నీళ్లు పడాలని మరొకరు. ఎవరి మొక్కు వాళ్ల గుండెలోనే ఉంటుంది.

వాళ్లలో ఒక ఇల్లాలు కూడా ఉందనుకుందాం. పేరు మనకు అక్కర్లేదు. ఆమె సంచిలో కొబ్బరికాయ, పసుపు కుంకుమలతో పాటు చీర మడతల మధ్య ఓ మందు డబ్బా ఉంది. దానిమీద కాగితం చించేసి ఉంది. పక్కనే కూర్చుని వచ్చిన సొంత చెల్లెలికి కూడా ఆ డబ్బాలో ఏముందో తెలీదు. అవి హెచ్ఐవీ మాత్రలు.

ఈ ఇల్లాలు ఊహే. ఆమె భయం మాత్రం ఊహ కాదు. మన దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. 2000 తర్వాతి సంవత్సరాల్లో, దేశంలో ఈ వైరస్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉండేది. అప్పట్లో ఆస్పత్రికి పోవాలంటే సిగ్గు, ఇంట్లో చెప్పాలంటే భయం. ఇక మిగిలింది గుడి, దర్గా, చర్చి, బాబాగారి ఆశ్రమం.

మనసుకు మందు ఇక్కడే!

అలంపూర్ వచ్చినవాళ్లకు ఊరట దొరకడంలో ఆశ్చర్యం లేదు. అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోదిగా చెప్పుకొనే జోగులాంబ కొలువు ఇక్కడే. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు, పక్కనే తుంగభద్ర. ఊళ్లోని షా అలీ పహిల్వాన్ దర్గాకు హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు. నీ జబ్బేమిటని అక్కడ ఎవరూ అడగరు. నదిలో మునిగి లేచి, మెట్ల మీద కాసేపు కూర్చుంటే గుండెల మీది బండ కాస్త దిగినట్టుంటుంది.

ఆ ఊరట చిన్నదేం కాదు. మందులే లేని రోజుల్లో ప్రపంచమంతటా హెచ్ఐవీ బాధితులను నిలబెట్టింది ఇలాంటి తోడే. 1980ల్లో అమెరికాలో రోగులను సొంతవాళ్లే వెలివేస్తుంటే, కొందరు వాళ్లను చేరదీసి ధ్యానానికీ ప్రార్థనకూ కూర్చోబెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇసాన్ డోర్సీ అనే జెన్ గురువు 1987లో తమ ధ్యాన మందిరంలోనే రోగులకు చోటిచ్చి సేవ చేశారు. జబ్బు తగ్గిస్తామని వాళ్లు చెప్పలేదు. ఒంటరిగా పోనివ్వం అన్నారు, అంతే!

ధ్యానం, యోగా, నలుగురితో కలిసి మనసు విప్పి మాట్లాడుకోవడం... ఇవి ఆందోళనను, దిగులును తగ్గిస్తాయి. మనసు కుదుటపడితే నిద్ర పడుతుంది, మాత్ర వేసుకోవడమూ గుర్తుంటుంది. చిక్కల్లా ఎక్కడంటే...

రససిద్ధుడి వారసులట!

అలంపూర్ స్థలపురాణంలో ఒక రససిద్ధుడు వస్తాడు. నీచలోహాన్ని బంగారంగా మార్చే రసవిద్య తెలిసినవాడని కథ. ఆ సిద్ధుడు పోయినా, వారసులమని చెప్పుకొనేవాళ్లకు మన దగ్గర ఏనాడూ కొదవ లేదు. 'నలభై రోజులు ఈ పొడి వాడండి, ఇంగ్లిష్ మందులు మానేయండి, రక్తం శుభ్రమైపోతుంది' అంటారు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదని మన ఔషధ నియమాలే అంటున్నాయి. అలా చెప్పుకోకూడని జబ్బుల జాబితాలో మొదటి పేరు ఎయిడ్స్‌దే!

మాత్రలు మానేసిన మొదటి కొద్ది రోజులూ ఏమీ కాదు. పైగా వికారం లాంటి చిన్న ఇబ్బందులుంటే అవీ తగ్గుతాయి. 'చూశారా, స్వామి మహిమ!' అనిపించేది అప్పుడే. ఈలోగా అణిగి ఉన్న వైరస్ వారాల వ్యవధిలోనే మళ్లీ తల ఎత్తుతుంది. మానుతూ, మొదలెడుతూ ఉంటే మందుకు లొంగకుండా మొండికేస్తుంది. అసలు నష్టం బయటికి కనిపించేసరికి స్వామి వేరే ఊళ్లో ఉంటాడు.

వనపర్తి రాణిగారి దారి

భక్తి ఒక దిక్కు, వైద్యం ఇంకో దిక్కు అనుకోనక్కర్లేదని చూపించిన మనిషి ఈ పాలమూరు సీమకే చెందినవారు. వనపర్తి సంస్థానం రాణి కుముదినీ దేవి. 1962లో హైదరాబాద్ మేయరైన ఆమె, రిషికేశ్‌లోని స్వామి శివానందకు భక్తురాలు. గురువు మీది ఆ భక్తితో ఆమె కట్టించింది ఆలయం కాదు. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఒక ఆశ్రయం కట్టించి, దానికి శివానంద పునరావాస కేంద్రమని గురువు పేరు పెట్టారు.

అప్పట్లో కుష్ఠు అంటే పూర్వజన్మ పాపం. ఊరి బయటికి గెంటేసేవాళ్లు. రాణిగారి ఆశ్రమంలో వాళ్లకు మంచం, మందు, పని, మర్యాద దొరికాయి. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక, ఆ 'పాపం' మాత్రలతో నయమైపోయే మామూలు జబ్బని తేలింది. తర్వాతి కాలంలో ఆ కేంద్రం క్షయ, హెచ్ఐవీ రోగులకూ తలుపులు తెరిచింది. రాణిగారు 2009లో కన్నుమూశారు.

అలంపూర్‌కు దగ్గర్లోనే పాపనాశి ఆలయాలున్నాయి. పాపాలు పోగొట్టేవని పేరు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లినా పాపాత్ములమని తల దించుకోనవసరం లేదు. వైరస్‌కు పాపం, పుణ్యం తెలీవు. భర్త నుంచి భార్యకు, తల్లి నుంచి బిడ్డకు వచ్చినదాన్ని ఏ ఖాతాలో రాస్తాం?

భిక్ష తీసుకున్న భిక్షువులు

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో 1997లో 'సంఘ మెత్త' అనే ప్రయత్నం మొదలైంది. బౌద్ధ భిక్షువులకు హెచ్ఐవీ గురించి శిక్షణ ఇచ్చారు. వాళ్లు చేసిన గొప్ప పనుల్లో ఒకటి చూడ్డానికి చాలా చిన్నది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు వండిన అన్నాన్ని అందరి ముందూ భిక్షగా స్వీకరించి తిన్నారు. వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ముద్ద చెప్పింది.

మన అన్నదాన పంక్తిలోనూ అంతే. కలిసి తింటే, ఒకే రేవులో మునిగితే, ఒకే సత్రంలో పడుకుంటే హెచ్ఐవీ రాదు. చట్టమూ ఆ మాటే చెబుతోంది. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం దగ్గరే కాదు, హోటళ్లు, బావులు, స్నానఘట్టాల దగ్గరా వివక్ష చూపకూడదని అందులో ఉంది. అంటే తుంగభద్ర రేవు ఆ ఇల్లాలిదీ!

సంచిలో ఏముండాలి?

యాత్రకైనా, ధ్యాన శిబిరానికైనా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. వెళ్లే రోజులకు సరిపడా మాత్రలు, మరో నాలుగు రోజులకు అదనంగా ఉంచుకోవాలి. దూరప్రయాణమైతే ముందే ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పాలి. ఉపవాసం ఉన్నా మాత్ర మానకూడదు, ఎలా వేసుకోవాలో డాక్టర్‌ను అడగాలి. ఆకుపసరైనా, ఐరన్, క్యాల్షియం బిళ్లలైనా కొత్తగా మొదలుపెట్టే ముందు చెప్పాలి. కొన్ని మందులు ఒకదాన్నొకటి పనిచేయనివ్వవు. తలనీలాలిచ్చే చోట కొత్త బ్లేడు అడగడం అందరికీ మంచిదే. సందేహాలకు 1097 నంబరుంది, ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

మన దేశంలో ఈ మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్రే. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలబడితే శృంగారం ద్వారా అది ఎదుటివారికి సోకదు. పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చిన మాట ఇది. గర్భిణులు సమయానికి మందులు వాడితే బిడ్డకు సోకే ప్రమాదమూ బాగా తగ్గుతుంది.

అమ్మవారి దర్శనం చేసుకుని ఆ ఇల్లాలు తిరిగి బస్సెక్కింది. చెల్లెలు కొంగు ముడిలోంచి ప్రసాదం తీసి పెట్టింది. రాత్రి తొమ్మిదింటికి సంచిలోంచి ఆ డబ్బా బయటికి వస్తే... 'అదేంటక్కా?' అని చెల్లెలు అడుగుతుందేమో. చెప్పాలా వద్దా అన్నది అక్క ఇష్టం. చెప్తే మాత్రం, మంచినీళ్ల సీసా మూత తీసి అందించాల్సింది ఆ చెల్లెలే.