పాత జీపునకు క్రొత్త ఇంజను



పాత జీపులు గల సభ్యులు కొందఱు వాని ఇంజనులను తీసివైచి, నేటి డీజిలు ఇంజనులను, గేరుబాక్సులను అమర్చుకొన నెంచి, అందులకు సంఘము ఋణమిచ్చునా యని మమ్ము అడుగుచున్నారు. ఈ విషయమున మా యభిప్రాయమును దాచక తెలుపుట మా విధి.

ఈ కోరిక అసహజమైనది కాదు. యుద్ధకాలమున, 1941 మొదలు, విల్లీసువారు అమెరికా సైన్యమునకు చేసియిచ్చిన జీపు నాలుగు చక్రములతోను లాగునది. 1947 తరువాత మహీంద్రావారు దానిని మన దేశమున కూర్చి అమ్మసాగిరి. బురదదారిలో విత్తనములు, ఎరువు బస్తాలు మోయుట కంతకన్న అక్కఱకు వచ్చు బండి అరుదు. అయితే ఆనాటి పెట్రోలు ఇంజను బలము 60 గుఱ్ఱములు. త్రిప్పుడు బలము 142 న్యూటను మీటర్లు. 2020లో వచ్చిన థార్ డీజిలు ఇంజనునకు 130 గుఱ్ఱములు, 300 న్యూటను మీటర్లు. రెండును రమారమి 2.2 లీటర్లవే. పరిమాణ మొక్కటే, బలము రెట్టింపు. దీనిని చూచి ఎవరికి ఆశ పుట్టదు?

కాని ఇరుసు సత్తువ ఎఱుగక, ఎడ్ల సత్తువ చూచి బండికి బరువెత్తు రైతు గలడా? ఇంజనులో పుట్టిన బలము గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లరు షాఫ్టు, క్రౌను పినియను, ఇరుసు కమ్మీల మీదుగా చక్రమును చేరవలెను. పాత సీజే-3బి జీపున లో రేంజి మొదటి గేరులో ఆ త్రిప్పుడు సుమారు 37 రెట్లగును. చక్రము రాతిసందున పట్టుకొన్నప్పుడు రెట్టించిన బలము పోవుటకు దారిలేక పినియను పండ్లనో కమ్మీనో విఱుచును.

మఱియు ఆ జీపు ఇరుసు నిష్పత్తి 5.38, మెల్లగా లాగుటకు తగినది. క్రొత్త డీజిలు ఇంజను తక్కువ చుట్లలో పనిచేయునది. ఇరుసు మార్చక దీనిని బిగించినచో రోడ్డుమీద ఇంజను అఱచును, నూనె ఆదా కాదు. క్రొత్త ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టు ఎడమకు వచ్చి, ముందిరుసు గుండు కుడివైపున నున్నచో రెండును కలియనే కలియవు.

అన్నిటికన్న ముఖ్యము బ్రేకులు. విల్లీసు జీపునకున్నవి 9 అంగుళముల డ్రమ్ములు. కాలిబలమే వానికి ఆధారము. పంట వేసికొని, పిల్లలను ఎక్కించుకొని పోవు బండికి పరుగుకన్న నిలుపు ముఖ్యము కాదా?

చట్టమును మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 సవరణచే అనుమతిలేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆఱు మాసములవఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. 15 ఏండ్లు దాటిన సొంతబండికి రిజిస్ట్రేషను పొడిగింపు కోరినపుడు తనిఖీలో ఇంజను నంబరు పత్రముతో సరిపోలకున్న, పెట్టిన సొమ్మంతయు చిక్కున పడును.

కావున మా సలహా యిది. పాత ఇంజను బాగుపడునేని ముందు దానినే బాగుచేయించుకొనుడు. మార్పు తప్పదనుకొన్నచో రిజిస్ట్రేషను అధికారి వ్రాతపూర్వకమగు అనుమతి చేతికి వచ్చువఱకు మేస్త్రికి బయానా ఇయ్యకుడు. అనుమతి వచ్చిన పిమ్మట మొదట బ్రేకులు, స్టీరింగు, తరువాత ఇరుసులు, కట్టకడపట ఇంజను. అదియును ఇరుసు ఓర్చునంతటి బలము గలదే. ఈ వరుస తప్పిన పనికి సంఘము సొమ్ము ఇయ్యరాదని మేము దృఢముగ నమ్ముచున్నాము. అది ఒక్కరి సొమ్ము కాదు. మన యందఱి చెమట.